అరువు నాలుక

మార్చి 3, ఆదివారం

చిరంజీవి చిట్టికి,

మీ వదిన దీవెనలు. మీ ఆయనకి నమస్కారాలు, పాపకి ముద్దులు. మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాద గనక రాశాను. అందులో రెండో సగం నిజమయ్యుంటుంది. మొదటి సగం సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫోనుండగా ఉత్తరమేమిటి, వదినకి చాదస్తం ముదిరిందని నవ్వుకుంటున్నావు కదూ. నవ్వుకో. మా ఇల్లు నువ్వు చూసిందే. వంటింట్లో నిట్టూరిస్తే ముందుగదిలో వినపడుతుంది. మీ అన్నయ్య ఇప్పుడు రోజంతా ఆ ముందుగదిలోనే ఉంటున్నారు. ఆయన గురించి ఆయనకి వినపడేలా మాట్లాడటం నావల్ల కాదు.

జ్వరం తగ్గింది, ఆసుపత్రి నుంచి వచ్చేశారు అని నీకు చెప్పాను. చెప్పనిది ఒకటుంది. ఆ జ్వరం పోతూ పోతూ ఆయన ముక్కుని పట్టుకుపోయింది. ముక్కుతో పాటు నాలుకనీ. డాక్టరు తిరిగి రావచ్చన్నాడు, రాకపోనూవచ్చన్నాడు. ఆ మాత్రం నేనూ చెప్పగలను. పొద్దున్నే వంటింట్లోకి వచ్చి వెల్లుల్లి రెబ్బ నలిపి ముక్కుకి ఆనించుకుంటారు. కాసేపు అలా నిలబడి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతారు. నేను చూడనట్టు బియ్యం కడుగుతుంటాను. ఒకరోజు పరధ్యానంలో కాఫీలో పంచదారకి బదులు ఉప్పు వేసిచ్చాను. గ్లాసు ఖాళీ చేసి తెచ్చి సింకులో పెట్టారు. నా కాఫీ నోట్లో పోసుకున్నాక గానీ నాకు తెలియలేదు. కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

వంటవాడికి నాలుక పోతే ఏం మిగులుతుంది చెప్పు. హోటల్ వాళ్ళకి ఆయన ఈ సంగతి చెప్పలేదు. నీరసమన్నారు, తర్వాత ముక్కు కాస్త మొద్దుబారిందన్నారు, ఇప్పుడు అంతా బాగైపోయిందని చెప్పేశారు. అబద్ధమాడేటప్పుడు ఆయన చెవులు ఎర్రబడతాయి, ఫోనులో కనపడవు గనక సరిపోయింది. అయినా అక్కడి పెద్ద చెఫ్‌కి అనుమానం వచ్చినట్టుంది. వయసులో మీ అన్నయ్య కంటే చాలా చిన్నవాడు, మాట మెత్తన. పైవాళ్ళు ఒప్పుకోవాలంటే తను ఒకసారి రుచి చూసి చెప్పాలన్నాడట. సెలవులో ఉన్నవాణ్ణి హోటల్ వంటింట్లోకి రానివ్వరు కాబట్టి తనే తన సెలవురోజున మా ఇంటికి భోజనానికి వస్తానన్నాడు. ఏం వండమంటారని అడిగితే, "మీ లాబ్‌స్టర్ పెట్టండి మాస్టర్" అన్నాడట. ఆ హోటల్లో ఆ వంటకానికి మీ అన్నయ్య పేరే. లాబ్‌స్టరంటే మూరెడు పెద్ద సముద్రపు రొయ్యే, దాన్ని నిలువునా చీల్చి, మాంసం తీసి, దాని తలకాయల రసంతోనే సాసు చేసి, మళ్ళీ దాని డొప్పలోనే సర్ది, పైన చీజ్ వేసి ఓవెన్లో ఎర్రగా కాలుస్తారు. అది కుదిరితే మళ్ళీ ఆయన పొయ్యి ఆయనది. కుదరకపోతే లేదు. మధ్యేమార్గం ఏమీ లేదు.

అందుకని ఒక ఉపాయం పన్నాం. చేతులు ఆయనవి, నాలుక నాది. ఆయన వండుతారు, నేను రుచి చెప్తాను, ఆయన సరిదిద్దుతారు. వినడానికి బాగుంది. ఒక్కటే ఇబ్బంది. ఊళ్ళో ఉన్న ధనవంతులందరికీ వండి పెట్టిన మనిషి పెళ్ళాన్నే గానీ, ఆ రొయ్య ఎలా ఉంటుందో నేనెరగను. హోటల్ గేటు దగ్గర సంచులు తడిమి గానీ బయటికి వదలరు. ఇంటికొచ్చాక ఆయన గరిట ముట్టరు, నేను పెట్టిన కూరన్నం తిని పడుకుంటారు. పెళ్ళయిన కొత్తలో, ఆ రొయ్య ఎలా ఉంటుందండీ అని అడిగితే, "రొయ్యలాగే ఉంటుంది" అన్నారు. అంతటి కవి మీ అన్నయ్య.

ఇప్పుడు నీ సాయం కావాలి. మీ ఆయన పడవ మీద వెళ్తారు కదా, వలలో పెద్ద రొయ్యలు పడితే మంచివి చూసి పంపించమను. ముందు ఒకటి, వండి చూసుకోవడానికి. తర్వాత ఆ రోజుకి కొన్ని. బతికున్నవే కావాలట, చచ్చినవైతే మాంసం పిండైపోతుందట. మీ అన్నయ్యకి ముక్కు సంగతి నేను రాశానని తెలియనివ్వకు. హోటల్‌కి కావాలని వదిన అడిగిందని మాత్రం మీ ఆయనతో చెప్పు.

మీ వదిన

మార్చి 14, గురువారం

చిట్టికి,

మళ్ళీ మీ వదినే. దీవెనలు కిందటి ఉత్తరంలోవి ఇంకా మిగిలే ఉంటాయి, వాడుకో.

మీరు పంపిన అతిథి చేరాడు. ఐసు లారీ డ్రైవరు తడిగోనె మూట గుమ్మంలో దింపి, జాగ్రత్తమ్మా, బతికుంది అని చెప్పి పరుగున వెళ్ళిపోయాడు. మూట విప్పితే మూరెడు మీసాలు ముందు బయటికొచ్చాయి. తర్వాత వాడొచ్చాడు. పట్టుకోబోతే కిర్రుమని అరిచి, తోక టపటపా కొట్టి, కింద పడి, నేరుగా మంచం కిందికి దూరాడు. మీ అన్నయ్య చీపురు పట్టుకుని ఒక పక్క, నేను స్టూలు మీద ఒక పక్క. జ్వరం వచ్చాక ఆయన నవ్వడం నేను మొదటిసారి చూశాను. ఆ నవ్వు కోసమైనా వాణ్ణి ఇంకాసేపు మంచం కింద ఉండనివ్వాల్సింది.

చంపడం నేను చూడలేదు, పెరట్లోకి వెళ్ళి చెవులు మూసుకున్నాను. వచ్చేసరికి పలక మీద రెండు సగాలై ఉన్నాడు. ఆ తర్వాత ఆయన పని చేస్తుంటే మాత్రం కళ్ళు తిప్పుకోలేకపోయాను చిట్టీ. ఇన్నేళ్ళు కాపురం చేసి, ఈయన పని చేస్తుండగా నేను చూడలేదు. ఇంట్లో కండువా ఎక్కడుందో వెతుక్కోలేని మనిషి, అక్కడ చూడకుండానే చెయ్యి చాస్తే కావలసింది చేతికి వస్తోంది. కత్తి మొనతో నల్లటి నరం ఒక్క లాగుతో తీసేశారు. కళ్ళ వెనకాల ఇసక సంచి ఉంటుందట, అదీ పోయింది. మాంసం ఒక పక్కన పెట్టి తలకాయ, కాళ్ళు దంచి వెన్నలో వేయించడం మొదలెట్టారు. సాసుకి ప్రాణమంతా ఆ రసంలోనే ఉందట. అక్కడే ఆయన ఒక్క క్షణం తడబడ్డారు. హోటల్లో ముక్కే చెప్తుందట, ఇక చాలు నీళ్ళు పోయమని. ఇప్పుడెవరు చెప్తారు. డొప్పలు ఎలాగూ ఎర్రగానే ఉంటాయి, ఇంకెంత ఎర్రబడ్డాయో కంటికి తెలియదు.

వాసన ఎలా ఉందని నన్ను అడిగారు. ఘాటుగా ఉందన్నాను. ఘాటుగానే ఉండాలన్నారు.

నా మనసులో ఇంకో మాట ఉంది గానీ అనలేదు. అది నేను అన్నం అడుగంటించినప్పుడు వచ్చే వాసనలా ఉంది. కానీ ఆయన పొయ్యి ముందు నిలబడితే నేను మాడిందనడమా. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుంటుంది. సముద్రపు సరుకు, నాకు కొత్త, దాని వాసనే అంతేమో అని ఊరుకున్నాను.

ఓవెను మేడమీద టీచరమ్మ ఇచ్చింది. ఎందుకని అడిగితే కేకు అని చెప్పాను. చేపల వాసన వచ్చే కేకా అన్నట్టు చూసింది. డొప్ప బయటికి తీసేసరికి మీద బంగారు రంగు పొర, అంచుల్లో బుడగలు. ఫోటో తీసి గోడకి పెట్టుకోవచ్చు. ఆయన చెంచాతో తీసి నా నోట్లో పెట్టారు. ఆ పని కూడా ఇన్నేళ్ళలో ఇదే మొదలు. నీకు కాబట్టి చెప్తున్నాను, సిగ్గేసింది.

తర్వాత పరీక్ష. ఉప్పెలా ఉందన్నారు, సరిపోయిందన్నాను. మాంసం మెత్తగా ఉందా, సాగుతోందా అన్నారు, మెత్తగా ఉందన్నాను. మింగాక నాలుక మీద ఏం మిగిలింది అన్నారు. మింగాక ఏం మిగులుతుందమ్మా, మింగేశాక. అయినా ఆలోచించి, కొంచెం పట్టినట్టుగా ఉందండీ అన్నాను. పట్టినట్టంటే ఎలా అన్నారు. నాకు దొరికిన మాట చెప్పబుద్ధి కాలేదు. ఆయన మొహంలోకి చూస్తే, చెంచా పట్టుకుని, ఆసుపత్రి వరండాలో పేరు పిలుస్తారా లేదా అని కూర్చున్న రోగిలా ఉన్నారు. గొప్పగా ఉందండీ అన్నాను. ఆయన ఊపిరి వదిలారు.

గొప్పవాళ్ళ తిండి కదా, మనకి ఒక్కసారికి పట్టుబడుతుందా. రెండో చెంచాకి అలవాటైంది. మూడో చెంచాకి బాగానే ఉందనిపించింది.

ఆ రోజుకి మిగతావి పంపించు. ఈసారి మంచం కింద దూరనివి చూసి పంపించమని మీ ఆయనతో చెప్పు.

మీ వదిన

ఏప్రిల్ 2, మంగళవారం

చిట్టికి,

నువ్వు ఫోన్ చేశావు, నేను ఎత్తలేదు. ఎత్తితే ఏమైందని అడుగుతావు. ఏమీ కాలేదని చెప్పడానికి నోరు రాలేదు. అందుకని రాస్తున్నాను. 

చెఫ్ వచ్చాడు. చెప్పిన వేళకే వచ్చాడు, పళ్ళు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పుతూ ఒక్కసారి ఆగి, తలెత్తి వంటింటి వైపు చూశాడు. ఎందుకు చూశాడో అప్పుడు పట్టించుకోలేదు. ఓవెనుకి అంత దూరంలో ఉండగానే వాసన పట్టేశాడు, నోరూరుతోంది కాబోలనుకున్నాను. లోపలికొచ్చి కుర్చీ మీ అన్నయ్య వైపు జరిపి కూర్చున్నాడు. ఆరోగ్యం గురించి అడిగాడు, నీ గురించి కూడా అడిగాడు, రొయ్యలు పంపింది చెల్లెలేనా అని. మర్యాదకి తక్కువ చెయ్యలేదు, ఆ మాట చెప్పుకోవాలి.

వంటంతా కిందటిసారిలాగే జరిగింది. అవే చేతులు, అదే వాసన. వడ్డించే ముందు ఆయన నాకు చెంచా అందించి కళ్ళతోనే అడిగారు. మొన్నటిలాగే ఉందండీ, తేడా లేదు అని చెవిలో చెప్పాను. ఆయన భుజాలు దిగాయి. ఉతికి ఇస్త్రీ చేసి పెట్టిన తెల్ల కోటు ఆ రోజు ఇంట్లోనే వేసుకున్నారు, గుండీలు నేనే పెట్టాను.

చెఫ్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు కదల్లేదు. తర్వాత మంచినీళ్ళు తాగాడు. తర్వాత డొప్పలో ఒక్క ముక్క మిగల్చకుండా మొత్తం తిన్నాడు. ఆ తినడం చూసి నేను లోపలికెళ్ళి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను చిట్టీ. అయిపోయింది, గట్టెక్కామనుకున్నాను. బయటికొచ్చేసరికి నా వైపు తిరిగి, "అమ్మా, మీరు తిన్నారా దీన్ని" అని అడిగాడు. రెండుసార్లు తిన్నానని గర్వంగా చెప్పాను. ఎలా ఉందనిపించిందన్నాడు. బ్రహ్మాండంగా ఉందన్నాను. అతను మీ అన్నయ్య వైపు చూశాడు. మీ అన్నయ్య ఖాళీ డొప్ప వైపు చూస్తున్నారు. వెళ్ళేటప్పుడు మీ అన్నయ్య చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అంత తిన్నవాడు, అంతసేపు చేతులు పట్టుకున్నవాడు, మర్నాడు ఫోన్ చేసి వంటింట్లోకి వద్దన్నాడు. లాండ్రీలో పని ఇప్పిస్తానన్నాడు. దుప్పట్లు, తువ్వాళ్ళు మడతలు పెట్టించి గదులకి పంపే పని. తనే పైవాళ్ళతో మాట్లాడి ఒప్పించాడట, అదొక ఉపకారం. వద్దని చెప్పండి, ఇంట్లో కూర్చున్నా పరవాలేదు అన్నాను. "దుప్పట్లకి రుచితో పనిలేదుగా" అన్నారు మీ అన్నయ్య. కిందటి వారం సోమవారం నుంచి వెళ్తున్నారు. తెల్ల కోటు మడిచి బీరువాలో అడుగున పెట్టేశారు. ఇంటికొచ్చేటప్పుడు చేతులు సబ్బు వాసన వేస్తున్నాయి, ఆ సంగతి ఆయనకి తెలియదు, నేను చెప్పను.

వెల్లుల్లి వాసన చూడటం కూడా మానేశారు. మానేయడమే నాకు ఎక్కువ భయంగా ఉంది.

ఇప్పుడు అసలు మాట. ఫోన్ వచ్చిన సాయంత్రం ఆయన నన్ను పిలిచి కూర్చోబెట్టారు. కోపంగా లేరు. నాకు తెలుసు ఏం అడుగుతారో.

"ఇప్పుడు చెప్పు. బాగుందని కాదు, ఉన్నది ఉన్నట్టు."

"చేదుగా ఉంది" అన్నాను.

"మొదటిసారి కూడానా?"

"అప్పుడూ."

ఆయన లేచి, కళ్ళు మండుతున్నాయని లైటు ఆర్పి వచ్చి కూర్చున్నారు.  నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే బాగుండేదేమో, నా మొహమాటమే ఈయన కొంప ముంచిందేమో అనుకున్నాను. ఆ తర్వాత ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "పిచ్చిదానా, అది అలాగే ఉంటుంది. లాబ్‌స్టర్‌కి ఆ చేదే అందం. నువ్వు సరిగ్గానే చెప్పావు" అన్నారు.

గుండెల మీద కుంపటి దించినట్టయింది. మరి అంతా సరిగ్గా ఉంటే ఎందుకు వద్దన్నాడని అడిగాను. కుర్రవాళ్ళని పెట్టుకోవాలని పైవాళ్ళు ముందే అనుకుని ఉంటారు, ఈ తినడాలూ చూడటాలూ ఉత్త తతంగం అన్నారు. అప్పట్నుంచి ఆ చెఫ్‌ని తిట్టని రోజు లేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే కదా. డొప్ప నాకినంత పని చేసి వెళ్ళి, వద్దంటాడా. నేను తిడుతుంటే మీ అన్నయ్య మాత్రం, పోనీలే, మంచివాడే అంటారు. ఆయన మంచితనమే ఆయన్ని ఇక్కడికి తెచ్చింది.

అయినా మనసులో ఒక మూల ఇంకా పీకుతోంది చిట్టీ. నీ దగ్గర దాపరికం ఏముంది. మీరు సముద్రం పక్కన ఉండేవాళ్ళు, ఎప్పుడో ఒకప్పుడు తినే ఉంటావు. నీకూ చేదుగానే ఉంటుందా? ఒక్క ముక్క రాయి. నువ్వు అవునని రాస్తే నేను రాత్రిళ్ళు నిద్రపోతాను. రమ్మని పిలిచావు కదా, ఎండలు ముదరకముందే వస్తాను. అప్పుడు నీ చేత్తో ఒకటి వండి పెట్టు, తిని చూసి, వచ్చి ఆ చెఫ్‌ని నాలుగు కడిగేస్తాను.

నీకు ఉత్తరాలు రాస్తున్నానని మీ అన్నయ్యకి చెప్పేశాను. ఇంక దాచడానికి ఏముంది గనక. చెల్లెలికి తనూ రెండు ముక్కలు రాస్తానన్నారు, కింద చోటు వదిలాను. కవరు అంటించి తనే పోస్టు చేస్తారట. ఆయన రాసింది నేను చూడనులే. అన్నాచెల్లెళ్ళ మధ్య నాకేం పని.

ఎప్పటికీ నీ మంచి కోరే
మీ వదిన

తా.క. చిట్టీ, అన్నయ్యని. పైనంతా చదివాను. మీ వదిన రాసినదంతా నిజం, నేను తనతో చెప్పింది తప్ప. డొప్పలు మాడిపోయాయి. ఇంట్లో గిన్నె పల్చన, హోటల్ పెనం మందం, చేతికి ఆ తేడా తెలియలేదు. ముక్కుంటే చెప్పేది. చెఫ్‌కి గుమ్మంలోనే తెలిసిపోయింది. తెలిసి కూడా నన్ను మీ వదిన ముందు చిన్నబుచ్చకూడదని మొత్తం తిన్నాడు. ఆ రోజు ఎలాగో గట్టెక్కినా, వారం తిరక్కుండా అక్కడ పట్టుబడేవాణ్ణే. కాబట్టి తప్పు మీ వదినది కాదు. కానీ తెలిస్తే తనదే అనుకుంటుంది, బతికినంత కాలం ఆ ముద్ద మింగుతూనే ఉంటుంది. నాకు పని లేకపోయినా గడుస్తుంది, అది చూస్తూ గడవదు. నువ్వు మాకు ఒక్క సాయం చెయ్యి. మీ ఇంటికి వస్తే ఎంత అడిగినా వండి పెట్టకు, సీజను కాదను, వలలో పడలేదను, బావగారితో కూడా చెప్పి ఉంచు. తను అడిగినదానికి మాత్రం వెంటనే జవాబు రాయి. అది ఎంత తియ్యగా ఉంటుందో నీకు తెలుసు, నాకు గుర్తుంది. చేదే వదినా అని రాయి.